బొండాం మర్యాద

నాగదుర్గ కొబ్బరి బొండాం తాగదు. ఎటు చూసినా కొబ్బరి చెట్లే ఉన్న నేల మీద పుట్టి, ఆ చెట్ల మధ్యే ఉద్యోగం చేసుకుంటూ బొండాం వద్దనే మనిషిని మా వైపు వింతగానే చూస్తారు. పెళ్ళైన కొత్తలో అత్తగారు సుబ్బాయమ్మ చెక్కిన బొండాం చేతికిస్తే "పడదండి అత్తయ్యగారూ" అని తప్పించుకుంది. జలుబు చేస్తుంది కాబోలనుకుని ఆవిడ ఊరుకుంది. నాగదుర్గకి కొబ్బరి నీళ్ళు బాగానే పడతాయి. పడనిది బంగారరాజు మాస్టారు.

నాగదుర్గ ఇప్పుడు బాదంలంక హైస్కూల్లో పీఈటీ. భర్త మోహన్ ఖతార్‌లో ఉంటాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. బాదంలంక చుట్టూ గోదారి పాయలు. పంటు మీద దాటితే తప్ప ఊళ్ళోకి రాలేం. బోరు వేస్తే ఉప్పునీళ్ళు. బదిలీల కౌన్సెలింగులో ఆ ఊరి పేరు చదివితే టీచర్లు తల వంచుకుని కూర్చుంటారు. నాగదుర్గ మాత్రం చెయ్యెత్తి మరీ కోరుకుంది. పిల్లల మీద ప్రేమ కొద్దీ అనుకుని హెడ్మాస్టరు గారు శాలువా కప్పారు కూడా. అసలు సంగతేమిటంటే, మరుసటి ఏడు డివిజన్ కబడ్డీ పోటీలు జరపాల్సిన వంతు బాదంలంకది. ఆ పోటీలకి పొన్నలపాలెం జట్టు వస్తుంది. ఆ జట్టుతో బంగారరాజు వస్తాడు.

పగ పట్టిన మనిషి పళ్ళు నూరుతూ తిరుగుతుందని అనుకుంటాం. నాగదుర్గ అలా ఉండదు. పొద్దున్నే కోర్టులో ఇసుక జల్లెడ పట్టించి, అందులో గవ్వ ముక్కలు ఏరి పారేస్తుంది. పిల్లల మోకాళ్ళకి తనే పసుపు రాస్తుంది. ఆవిడకున్న చాదస్తం ఒక్కటే. బయటి ఊరికి ఆటలకి వెళితే, బరువు తూకం అయ్యేదాకా ఏ ఆడపిల్లా పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. ఎవరేమిచ్చినా సరే, కాళ్ళావేళ్ళా పడినా సరే. "మేడం గారికి ఇదేం పిచ్చో" అని పిల్లలు చాటుగా నవ్వుకునేవారు.

ఆ పిచ్చి అంటుకున్నది 2003 పుష్కరాలకి ముందు ఏడు.

అప్పుడు నాగదుర్గ పదో తరగతి. తండ్రి పోలిరాజు ఓడలరేవు నుంచి బోటు మీద వేటకి వెళ్ళేవాడు. తల్లి సత్యనారాయణమ్మ గంపలో చేపలు పెట్టుకుని లోపలి ఊళ్ళు తిరిగి అమ్మేది. నాగదుర్గ కబడ్డీ నేర్చుకున్నది సముద్రపు ఒడ్డున, తడి ఇసుకలో. ఆ ఇసుకలో కాలు పెకలించడం అలవాటైన పిల్లని గట్టి నేల మీద పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఇక కూత సంగతి చెప్పాలంటే, ఆ పిల్ల గొంతెత్తి కబడ్డీ కబడ్డీ అంటూ అవతలి కోర్టులోకి వెళితే, తిరిగి గీత దాటేదాకా దారం తెగకుండా సాగేది.

ఆ ఏడు డివిజన్ పోటీలు పొన్నలపాలెంలో. గెలిచిన జట్టులో ఇద్దరు ఆడపిల్లలకి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు ఇస్తామన్నారు. తిండి వాళ్ళదే, చదువు వాళ్ళదే. నాగదుర్గకి ఆ సీటంటే మాటలా? అది దొరక్కపోతే తల్లి నెత్తి మీది గంప తన నెత్తి మీదికి వస్తుందని ఆ పిల్లకి తెలుసు. కబడ్డీలో ఆ వయసు ఆడపిల్లలకి బరువు కట్టుబాటు ఉంటుంది. నాగదుర్గ సరిగ్గా గీత మీద ఉంది. అందుకని ముందు రోజు మధ్యాహ్నం తిన్న అన్నమే, ఆ తర్వాత గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు.

పొన్నలపాలెం పీఈటీ బంగారరాజు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. తెల్ల ప్యాంటు, మెడలో ఈల, మాటకి ముందో అమ్మా, వెనకో అమ్మా.

"ఎండన పడి ఇంత దూరం వచ్చేరు. బొండాం కూడా తాగకుండా ఆటకి దిగితే మా ఊరికి మాటొస్తుందమ్మా."

"తూకం అవ్వలేదండి మాస్టారూ," అంది నాగదుర్గ.

"తూకం మధ్యాహ్నం కదమ్మా. ఇప్పుడు తాగింది అప్పటికి ఎక్కడుంటుంది?"

అంటూనే బొండాం చేతిలో పెట్టాడు. చేతిలో పెట్టింది వద్దనకూడదని తల్లి చిన్నప్పటి నుంచి నూరిపోసింది. చేపల గంపతో వెళ్ళిన ఇంట్లో మజ్జిగిస్తే వద్దంటే, రేపు ఆ గుమ్మం ముందు గంప దింపనివ్వరు. ఆ భయంతో పెరిగిన పిల్ల తాగింది. గొంతు ఎండిపోయి ఉందేమో, ప్రాణం లేచొచ్చింది. బంగారరాజు ఇంకోటి స్వయంగా మూతి కొట్టి ఇచ్చాడు. అదీ తాగింది.

మూతి తుడుచుకుందో లేదో, ఈల వినపడింది. పెద్దలకి వేరే పనుందట, తూకం ఇప్పుడేనట. బంగారరాజే కాగితంలో ఒక్కొక్కరి పేరూ, తండ్రి పేరూ చదివి పిలిచాడు. రేషన్ షాపు నుంచి తెచ్చిన కాటా మీద నాగదుర్గ ఎక్కితే ముల్లు పావుకిలో అవతలికి పోయింది.

"ఒక్క అరగంట ఆగండి మాస్టారూ. గ్రౌండు చుట్టూ పరిగెత్తి వస్తానండి," అని బతిమాలింది.

"రూలు రూలే కదమ్మా," అన్నాడు బంగారరాజు. మొహంలో నవ్వు చెక్కు చెదరలేదు. పక్కనున్న మాస్టార్ల వైపు తిరిగి, "పడవల మీద పెరిగిన పిల్ల కదండీ. బొండాం కనపడేసరికి ఆగలేకపోయింది, పాపం," అన్నాడు. అందరూ నవ్వారు. నాగదుర్గ వాళ్ళ మాస్టారు కూడా, నవ్వకపోతే బాగుండదని నవ్వారు.

నాగదుర్గని ఆటకి దించలేదు, ఆ పిల్ల లేని జట్టు ఓడిపోయింది. సీట్లు రెండూ పొన్నలపాలెం పిల్లలకి పోయాయి. వేసవి సెలవుల్లో నాగదుర్గ నెత్తి మీదికి గంప రానే వచ్చింది. తెల్లారగట్ల చేపలమ్మి, తల స్నానం చేసినా పోని వాసనతో అమలాపురం కాలేజీలో వెనక బెంచీలో కూర్చుని చదివింది. పీఈటీ ట్రైనింగు చేసింది, డీఎస్సీ రాసింది, ఉద్యోగం తెచ్చుకుంది. గోదారికి రెండు పుష్కరాలు వచ్చి వెళ్ళాయి. రెండుసార్లూ నాగదుర్గ మూడు మునకలు వేసి, ఇంకేవేవో కోరుకుంది కానీ, ఆ కోపం పోవాలని మాత్రం కోరుకోలేదు. మన్నించడం గొప్ప గుణమని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళెవరూ ఆ కాటా మీద నిలబడి ఆ నవ్వు వినలేదు.

పోటీల ముందు రోజు సాయంత్రం, వంటశాల పక్కన బొండాల గుట్ట పోయించింది. మధ్యాహ్న భోజనం వండే వీరాయమ్మకి విషయం చెప్పింది. స్కూల్లో ఆ కథ తెలిసింది ఆవిడ ఒక్కదానికే.

"అవే మాటలు చెప్పి, అలాగే తాగించి, అలాగే తూకానికి పిలుస్తాను పిన్నిగారూ. ఆయన జట్టులో మంచి కూతగత్తె ఒకమ్మాయి ఉందట. గీత మీదే ఉందట."

వీరాయమ్మ బియ్యం ఏరడం ఆపింది. "ఆ పిల్ల ఏం చేసిందమ్మా నిన్ను?"

"నేనేం చేసేనండి అప్పుడు?"

వీరాయమ్మ మళ్ళీ బియ్యం ఏరుతూ చేటలోకి తల దించుకుంది.

మర్నాడు పంటు దిగి పొన్నలపాలెం జట్టు వచ్చింది. బంగారరాజు జుట్టుకి రంగు వేశాడు, పొట్ట వచ్చింది, మరుసటి ఏడు రిటైరవుతున్నాడు. ఈల మాత్రం మెడలో అలాగే ఉంది. వెనకాల ఆ పిల్ల, సత్యదుర్గ, తొమ్మిదో తరగతి. నాగదుర్గకి ఎవరూ చూపించక్కర్లేకపోయింది. పెదవులు ఎండి, ఉమ్మి కూడా దాచుకుంటున్నట్టు నోరు గట్టిగా మూసుకుని నడుస్తోంది. తూకం కోసం కడుపు మాడ్చుకున్న పిల్ల ఎలా నడుస్తుందో నాగదుర్గకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ట్రేలో బొండాలు పట్టుకుని గేటు దగ్గర ఎదురెళ్ళింది.

"ఎండన పడి ఇంత దూరం వచ్చేరు మాస్టారూ. బొండాం కూడా తాగకుండా ఆటకి దిగితే మా ఊరికి మాటొస్తుందండి."

బంగారరాజు చెయ్యి చాపినవాడు చాపినట్టే ఆగాడు. ఆవిడ మొహంలోకి చూశాడు. బొండాం వైపు చూశాడు.

"నువ్వు పోలిరాజు కూతురివి కదూ?"

"ఆయ్."

నాగదుర్గకి ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి ఎప్పుడో మర్చిపోయి ఉంటాడని, తనొక్కతే మోస్తోందని ఇన్నాళ్ళూ అనుకుంది. అలాంటిది, తండ్రి పేరుతో సహా గుర్తుంది ఆయనకి. చేసింది తెలిసే చేశాడు, తెలిసే ఇన్నేళ్ళూ అన్నం తిన్నాడు, నిద్రపోయాడు.

బంగారరాజు గబగబా పిల్లల్ని చింతచెట్టు కిందికి తీసుకుపోయాడు. "ఇక్కడ ఎవరేమిచ్చినా ముట్టుకోవద్దు. మంచినీళ్ళు కూడా. మన క్యాన్ మనకుంది," అని గట్టిగానే చెప్పాడు. తూకానికి తనే తొందరపెట్టాడు. సత్యదుర్గ కాటా మీద సరిగ్గా సరిపోయింది. నాగదుర్గ రెండు పుష్కరాల ఎదురుచూపు ఆ కాటా మీదే చప్పున చల్లారిపోయింది.

అక్కడితో అయిపోవాల్సిందే. తూకం ముగిశాక ఇంక బొండాంతో ఎవరికీ నష్టం లేదు. ఆట మొదలవబోతుంటే నాగదుర్గ మామూలుగానే, ఆతిథ్యమిచ్చే స్కూలు పీఈటీగా, అన్ని జట్లకీ కొబ్బరి నీళ్ళు పంపింది. అందరూ తాగారు. పొన్నలపాలెం పిల్లలు బంగారరాజు వైపు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు వెలిగింది నాగదుర్గకి. తూకం అయినా ఈయన భయం తీరలేదు. తన బుద్ధి ఎలాంటిదో ఎదుటివాళ్ళ బుద్ధీ అలాంటిదేనని నమ్మే మనిషి. ఆ భయాన్ని ఇంకాస్త పెంచితే చాలు.

ఇక చూడాలి నాగదుర్గ మర్యాద. మొదటి ఆట అయ్యాక తనే ట్రే పట్టుకుని వెళ్ళింది. "పిల్లలు అలిసిపోయేరు మాస్టారూ. కొద్దిగా తాగనివ్వండి." వద్దన్నాడు. రెండో ఆట అయ్యాక మజ్జిగ గ్లాసులు తీసుకెళ్ళింది, కరివేపాకు వేసి, అల్లం దంచి. "మాకోసం కాకపోయినా పిల్లల కోసమండి." వద్దన్నాడు. ఆవిడ గొంతు ఎంత మెత్తబడితే ఆయన మొహం అంత బిగుసుకుంది. "ఏదో కలిపి ఉంటుంది, లేకపోతే ఇంత బలవంతం దేనికి," అని తనతో వచ్చిన లెక్కల మాస్టారి చెవిలో గొణిగాడు. అంపైరుగా వచ్చిన కృపమ్మ మేడం ఇదంతా చూసి, "ఎంత మర్యాదండీ మీది, ఆయనే మొహమాటపడుతున్నారు," అని మెచ్చుకుంది కూడా.

వర్షాలు వెనకపట్టిన రోజులు. పైన ఎండ, కింద నేలలోంచి ఉక్క. పొన్నలపాలెం వాళ్ళ క్యాన్ మధ్యాహ్నానికే అడుగంటింది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కొట్టులో నీళ్ళ సీసాలు పొద్దున్నే అయిపోయాయి. వాళ్ళని తీసుకొచ్చిన వ్యాను డ్రైవరు నీళ్ళ కోసం పంటు ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళాడు, పంటు అక్కడే ఆగిపోయింది. స్కూల్లో ఫిల్టరు నీళ్ళ డ్రమ్ము నిండుగా ఉంది. దాని మీద బాదంలంక హైస్కూల్ అని రాసి ఉంది, అందుకని ఆ నీళ్ళూ బంగారరాజుకి పనికిరాలేదు.

అప్పుడు నాగదుర్గ చేయగలిగింది ఒకటుంది. ఆ ట్రేలో ఒక బొండాం తీసుకుని, బంగారరాజు ముందు తను రెండు గుక్కలు తాగి చూపిస్తే సరిపోయేది. అనుమానం అక్కడే విరిగిపోయేది, పిల్లల గొంతులు తడిసేవి. ఆ ఆలోచన ఆవిడకి రాకపోలేదు. వచ్చింది. బొండాం చేతిలోకి తీసుకుంది కూడా. సత్యదుర్గ నాలుక పెదవుల మీద రాసుకోవడం కళ్ళారా చూసింది. మళ్ళీ బొండాం ట్రేలో పెట్టేసింది.

ఫైనల్లో బాదంలంకకీ పొన్నలపాలేనికీ పడింది. బాదంలంక కెప్టెన్ దుర్గాశ్రీ గట్టిదే కానీ, సత్యదుర్గ ముందు తేలిపోయింది. ఆ పిల్ల ఎండిన గొంతుతోనే కూతకొచ్చి ఒక్కో కూతకి ఒక్కొక్కర్ని లేపుకుపోయింది. నాగదుర్గ తన జట్టు పక్క నిలబడి ఆ కాళ్ళనే చూసింది. ఆ అడుగులు తనవే. తడి ఇసుకలో నేర్చిన అడుగులు కావు కానీ, అంతే ఆకలితో వేస్తున్న అడుగులు. చివరి నిమిషానికి రెండు జట్లవీ సమానమైన పాయింట్లు. ఆఖరి కూత సత్యదుర్గది.

కబడ్డీ కబడ్డీ అంటూ వచ్చింది. దుర్గాశ్రీ భుజం తాకింది. తాకి వెనక్కి తిరిగింది. గీత రెండడుగుల దూరంలో ఉంది, వెనకనుంచి పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. అప్పుడు ఆ పిల్ల నాలుక అంగుడికి అంటుకుపోయింది. పెదవులు ఆడాయి, శబ్దం రాలేదు. గీత దాటేసింది కానీ, కూత గీతకి ఇవతలే తెగిపోయింది. కృపమ్మ మేడం ఈల వేసి, "కూత ఆగింది, ఔట్," అంది.

బాదంలంక పిల్లలు గంతులేశారు. నాగదుర్గ గంతులెయ్యలేదు కానీ, కడుపులో ఎన్నాళ్ళ నుంచో ఉన్న మంట మీద చల్లటి నీళ్ళు పడ్డట్టయింది. ఆ మాట దాచడం ఎందుకు? ఆవిడకి చాలా హాయిగా ఉంది. బంగారరాజు మొహం మాడిపోవడం తీరిగ్గా చూసింది. తర్వాత పెద్ద బొండాం ఒకటి ఏరి, చెక్కించి, కోర్టు పక్కన కూలబడ్డ సత్యదుర్గ దగ్గరికి పట్టుకెళ్ళింది.

"ఆట అయిపోయింది కదమ్మా. ఇప్పుడైనా తాగు."

"మా మాస్టారు వద్దన్నారండి." గొంతు బొంగురుపోయింది.

"ఎందుకు వద్దన్నారో అడిగేవా?"

"అడిగేనండి. చెప్పలేదండి."

నాగదుర్గ బంగారరాజు వైపు తిరిగింది. ఈ క్షణం కోసమే లంక ఊరు కోరుకుంది. "మీరు చెప్తారా మాస్టారూ, నేను చెప్పమంటారా?"

ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఎండలో తిరిగిన పిల్లలకి కొబ్బరి నీళ్ళు మంచిది కాదని," అన్నాడు.

"పొద్దున్న రేవులో మీరు తాగేరు కదండీ," అంది సత్యదుర్గ.

ఆయన జేబురుమాలు మడత పెట్టుకోసాగాడు. అప్పుడు నాగదుర్గ చెప్పింది. పెద్దగా కథేం అల్లలేదు. ఇద్దరి స్కూళ్ళ పిల్లలూ వింటుండగా కాటా, రెండు బొండాలు, పావుకిలో, అరగంట కోసం బతిమాలడం, ఆ నవ్వు, అన్నీ చెప్పింది. పడవల మీద పెరిగిన పిల్ల అన్న మాట ఆయన గొంతుతోనే అప్పజెప్పింది. బంగారరాజు ఒక్కసారి కూడా కాదనలేదు. ఆయన జట్టు పిల్లలు ఒక్కొక్కరే ఆయన మొహం మీద నుంచి చూపు తిప్పుకున్నారు. సర్వీసంతా సంపాదించుకున్న మాస్టారూ మాస్టారూ అనే ఆ పిలుపు, రిటైరయ్యేలోపు ఇంక మునుపటిలా వినపడదని ఆయనకీ తెలిసినట్టే ఉంది. తల వంచుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

తీరింది, అనుకుంది నాగదుర్గ.

సత్యదుర్గ ఆయన్ని కాసేపు చూసింది. ఆ తర్వాత నాగదుర్గ వైపు తిరిగింది.

"అయితే మేడం గారూ, ఆయన మమ్మల్ని తాగనివ్వరని మీకు పొద్దున్నే తెలుసు కదండీ."

నాగదుర్గ ఉలిక్కిపడింది.

"తెలిసే మళ్ళీ మళ్ళీ తెచ్చేరు కదండీ," అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు. అండీ ఎక్కడా మానలేదు.

నాగదుర్గ చేతిలో బొండాం అలాగే ఉంది. సత్యదుర్గ దాన్ని రెండు చేతులతో మర్యాదగా అందుకుని, పడిపోకుండా ఇసుకలో ఒత్తి నిలబెట్టింది. లేచి కుంటుకుంటూ బోరు దగ్గరికి వెళ్ళింది. తనే బోరు కొట్టుకుని, దోసిలి పట్టి, ఊళ్ళో పశువులు కూడా తాగని ఆ ఉప్పునీళ్ళు కడుపునిండా తాగింది. మొహం చిట్లించలేదు. మిగతా పిల్లలూ ఆ పిల్ల వెనకే వెళ్ళి నిలబడ్డారు.

సాయంత్రం పంటు ఎక్కేముందు సత్యదుర్గ వెనక్కి వచ్చింది. చేతులు జోడించింది.

"వచ్చే ఏడు పోటీలు మా పొన్నలపాలెంలోనేనండి. నేను పదో తరగతిలో ఉంటానండి. మీరు తప్పకుండా రావాలండి మేడం గారూ. మీ పిల్లలకి మర్యాదలన్నీ నేను దగ్గరుండి చూసుకుంటానండి."

ఆ పిల్ల కళ్ళల్లోకి నాగదుర్గ ఎక్కువసేపు చూడలేకపోయింది. ఆ చూపు ఎక్కడిదో ఆవిడకి తెలుసు. ఇన్నేళ్ళూ పొద్దున్నే అద్దంలో చూసుకున్నదే.

"ఆయ్, వస్తామమ్మా," అంది.

పంటు కదిలి పాయ మధ్యకి వెళ్ళిపోయాక వీరాయమ్మ వచ్చి, బొండాలు ఇన్ని మిగిలిపోయాయి, ఏం చెయ్యమంటారని అడిగింది. నాగదుర్గ వినిపించుకోలేదు. వచ్చే ఏడు ఆ ఊరికి దుర్గాశ్రీని తీసుకెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తోంది.